ఆటలో పిల్లాడికి దెబ్బ తగిలితే ఏం చేయాలి? పోలీసుల దాకా ఎప్పుడు వెళ్లాలి?

సంక్రాంతి సెలవుల్లో అమలాపురం దగ్గర మా ఊళ్లో చెడుగుడు ఆడుతూ, కూతకెళ్లిన మా తమ్ముడి కొడుకు చెయ్యి నేలకానించి పడ్డాడు. మోచెయ్యి వాచిపోయింది. ఇంట్లో అందరూ వాణ్ణి వదిలేసి "పక్కింటి వాడే కావాలని లాగాడు" అంటూ గొడవకి దిగారు, గంట పోయాక చూస్తే వేళ్లు పాలిపోయి చల్లగా తగిలాయి, అప్పుడు పరిగెత్తాం ఆసుపత్రికి. చెయ్యి దక్కింది. ఆ గంట మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

కాబట్టి ముందు పిల్లాడి సంగతి చూడండి. మోచెయ్యి ఏ వంకరలో ఉంటే ఆ వంకరలోనే, మడిచిన తువ్వాలు ఆనించి కదలకుండా కట్టండి. నూనె రాసి తోమించడాలు, నాటుకట్లు వద్దు. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా ఇక ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. తలకి దెబ్బ తగిలాక వాంతులు, మత్తు, మాట తడబడటం, చెవిలోంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. కర్రాబిళ్ళ ఆటలో బిళ్ళ ఎగిరి కంటికి తగిలితే నలపొద్దు, నొక్కొద్దు, ఏదైనా గుచ్చుకుని ఉంటే లాగొద్దు, పేపర్ కప్పు అడ్డం పెట్టి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. శాశ్వత దంతం ఊడితే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని పాలల్లో వేసి గంటలోపు దంతవైద్యుడికి చూపిస్తే మళ్లీ అతికే అవకాశం ఉంది. పాలపన్నయితే తిరిగి పెట్టకూడదు. గాయం మీద కాఫీ పొడి అద్దే అలవాటు మనకి ఇంకా పోలేదు, దయచేసి మానండి, శుభ్రమైన నీళ్లతో కడిగితే చాలు.

ఆసుపత్రిలో నిజమే చెప్పండి. పోలీసులొస్తారన్న టెన్షన్‌తో చాలామంది "మెట్ల మీంచి పడ్డాడు" అనేస్తారు, రేపు నిజంగా కొట్టిన కేసని తేలితే ఆ మాట రాసిన చీటీయే మీకు అడ్డొస్తుంది. ఓపీ చీటీ, ఎక్స్‌రే, గాయం ఫోటోలు దాచుకోండి.

ఆ రోజే పిల్లాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి "ఏమైంది నాన్నా?" అని మాత్రం అడగండి. "వాడే కదూ తోసింది?" అని అడిగితే ఆ జవాబు మీదవుతుంది. మేం ఇద్దరు పిల్లల్నీ విడివిడిగా అడిగితే ఇద్దరూ ఒకే మాట చెప్పారు: గీత దగ్గర తడి ఉంది, ఇద్దరం కలిసే జారాం.

ఆట ఆగాక కొట్టడం, ఒకడి మీద నలుగురు పడటం, బ్యాటో రాయో తీయడం, అదే పిల్లాణ్ణి రోజూ ఏడిపించడం, కులం పేరుతో తిట్టడం, ఇవి ఆటలో దెబ్బలు కావు. లైంగికంగా తాకితే అది పోక్సో చట్టం కిందికి వస్తుంది, తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి.

ఇక చట్టం. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు (సెక్షన్ 20). ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లాడికి చేసిన పని తీరు, దాని ఫలితం అర్థం చేసుకునే పరిణతి రాలేదనుకుంటే అప్పుడూ కాదు (సెక్షన్ 21). ఆపై 18 నిండేదాకా వ్యవహారం జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది, లాకప్పులో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. మరీ ఘోరమైన నేరమో, పెద్దవాళ్లతో కలిసి చేసిందో అయితే తప్ప ఎఫ్‌ఐఆర్ కూడా కట్టరు, స్టేషన్ డైరీలో రాసి బోర్డుకి పంపుతారు. ఎముకో పన్నో విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయమే అంటుంది (సెక్షన్ 116), కానీ విరిగినంత మాత్రాన కావాలని చేసినట్టు కాదు, ఆ ఉద్దేశం కూడా తేలాలి.

కొట్టింది టీచరైతే సంగతి వేరు. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 నిషేధించింది. బడిలో ఉయ్యాల గొలుసు తెగేలా ఉందని చెప్పినా పట్టించుకోకపోతే హెడ్మాస్టరుకి కాగితం మీద రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి.

చిన్న దెబ్బయితే అవతలి తల్లిదండ్రులతో ఎదురెదురుగా మాట్లాడితే చాలావరకు అక్కడితో సరిపోతుంది, వైద్యం ఖర్చు పెద్దమనుషుల సమక్షంలో తేల్చుకున్నా తప్పులేదు. లైంగిక దాడిని, మళ్లీ మళ్లీ జరిగే హింసని మాత్రం రచ్చబండ దగ్గర సర్దేయనివ్వకండి. అలాంటప్పుడు 1098కి (పిల్లల సహాయ నంబరు) గానీ 112కి (అత్యవసర నంబరు) గానీ ఫోన్ చేయండి. లాయరు ఖర్చుకి వెనకాడొద్దు, పిల్లలకి ఉచిత న్యాయసాయం హక్కుగా వస్తుంది, ఇంటి ఆదాయంతో పనిలేదు, ఆ నంబరు 15100.