గిల్డ్‌లో లూట్ గొడవ ఇలా సర్దాను

మాది అమలాపురం దగ్గర పల్లె. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో మా గిల్డ్, అంటే కలిసి ఆడే జట్టు, మోల్టెన్ కోర్ రెయిడ్‌కి (అందరం కలిసి పెద్ద రాక్షసుల మీద చేసే దాడికి) వెళ్లేది, 40 మంది, సగం మంది భీమవరం, తణుకు, రాజోలు వాళ్లే. మొదట్లో రాక్షసుల్ని చంపితే ఏ వస్తువు (లూట్) పడినా పాచిక వేసినట్టు 1 నుంచి 100 వరకూ రోల్, పెద్ద అంకె వచ్చినవాళ్లది. మిగతావాళ్ల గాయాలు మాన్పే మా హీలర్ మూడు నెలలు ఒక్క రెయిడ్ మానలేదు, ఆవిడకి కావాల్సిన గదని, ఆ రోజే చేరిన అబ్బాయి 97 కొట్టి పట్టుకుపోయాడు. ఆవిడ ఒక్క మాట అనలేదు, తర్వాతి వారం నుంచి రావడం మానేసింది. నాకు చాలా బాధేసింది.

ముందు డీకేపీ (డ్రాగన్ కిల్ పాయింట్స్) అనే పద్ధతి పెట్టాను, ఎవర్‌క్వెస్ట్ అనే పాత గేమ్ రోజుల నుంచీ ఉన్నదే, వచ్చినందుకు పాయింట్లు, వాటితో వేలం. పాతవాళ్ల దగ్గర పాయింట్లు గుట్టలు పడ్డాయి, కొత్తవాళ్లకి ఆశ పోయింది.

దాళ్వాలో కాలవ నీళ్లు చాలనప్పుడు వంతులు పెడతారు కదా, పెదనాన్న ఆ సంగతి చెబుతుంటే తట్టింది. లూట్‌కి కూడా అలా వంతులు పెట్టడాన్ని గేమర్లు సూయిసైడ్ కింగ్స్ అంటారు. లాటరీ తీసి పేర్లు వరసగా రాశాం. వస్తువు పడితే కావాలన్నవాళ్లలో పైన ఉన్నవాళ్లదే, తీసుకున్నాక అడుగుకి వెళ్లాలి. వద్దంటే స్థానం పోదు. నైట్ డ్యూటీ వల్ల రాలేనివాళ్ల స్థానం కూడా కదలదు, దీనికోసం నేను గట్టిగా పట్టుబట్టాను. ట్యాంక్ కవచాలు మాత్రం ముందు ట్యాంకులకే, అంటే ముందు నిలబడి దెబ్బలు కాచేవాళ్లకే. షీట్ అందరికీ కనపడేలా పెట్టాను.

తర్వాత హీలర్‌కి ఫోన్ చేసి, "అక్కా, నీ పేరు పైనుంచి నాలుగోది" అని చెప్పాను. ఆ శనివారమే వచ్చింది.