పిస్టన్ మసి గీకే ముందు జాగ్రత్తలు

కొరాపుట్ ఘాట్ ఎక్కి దిగే బండి పిస్టన్ విప్పుతున్నారా? ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి.

పిస్టన్ తల మీద బాణం గుర్తు ఎటుందో ఫొటో తీసుకోండి. మసిలో కనబడకపోతే కిరోసిన్ గుడ్డతో తుడవండి, బయటపడుతుంది.

సర్‌క్లిప్ (పిస్టన్ పిన్ను జారకుండా పట్టే చిన్న స్ప్రింగు రింగు) తీసే ముందు క్రాంక్‌కేస్ (పిస్టన్ కింద ఉండే ఇంజిన్ డబ్బా) నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. మా రాయగడ షెడ్డులో ఒకసారి క్లిప్పు లోపల పడి, ఇంజిన్ మొత్తం విప్పాల్సి వచ్చింది. కొత్త క్లిప్పు ముందే తెచ్చుకోండి, పాతది మళ్లీ వాడొద్దు.

పిస్టన్ అల్యూమినియం, మెత్తన. స్క్రూడ్రైవర్, వైరు బ్రష్ దగ్గరికి రానివ్వొద్దు. డీజిల్‌లో రాత్రంతా నానబెట్టి వెదురు బద్దతో గీకండి. కాస్టిక్ సోడా అసలే వద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది.

రింగుల వరస రాసుకోండి. ఎక్కువ సాగదీస్తే పుటుక్కున విరుగుతాయి.

దగ్గర్లో బీడీ వెలిగించనివ్వకండి.