కార్న్ స్నేక్‌ను (ఇళ్లలో పెంచుకునే, విషం లేని పాము) ఫోటో తీసే ముందు జాగ్రత్తలు

☐ మేత తిని 48 గంటలు దాటిందా? కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా మసకబారతాయి. అప్పుడు పామును అసలు కదపొద్దు.

☐ ఒకే ఫోకస్ పాయింట్, అదీ కంటి మీదే. కెమెరాకి వదిలేస్తే ముందుకొచ్చిన ముక్కును పట్టేస్తుంది.

☐ 100 ఎంఎం మాక్రో లెన్స్‌తో (చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా తీసేది) బాగా దగ్గరకెళ్తే ఎఫ్/2.8 ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర కన్ను ఒక్కటే తేటగా ఉంటుంది, ముక్కు మీది పొలుసులు కరిగిపోయినట్టు కనిపిస్తాయి. ఎఫ్/8 నుంచి ఎఫ్/11 పెట్టండి. ఎఫ్/22 దాకా పోతే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుతురు చెదరడం) వల్ల ఫోటో మొత్తం పదును తగ్గి మెత్తబడుతుంది.

☐ తలను పక్కనుంచి, కెమెరా సెన్సార్‌కి (లోపల బొమ్మ పడే పలక) సమాంతరంగా తీయండి. అదే ఎపర్చర్‌లో ముక్కు నుంచి దవడ దాకా పొలుసు పొలుసూ తేలుతుంది. నాకైతే ఎపర్చర్ కన్నా ఈ కోణమే ముఖ్యం.

☐ పామును చూసుకోవడానికి పక్కన ఇంకొకరు ఉన్నారా?