టేకు తోటలో ఆకుతినే పురుగు ఎంతుందో లెక్క తీయడం ఎలా?

తోటలోకి వెళ్లగానే కన్ను చిల్లులు పడ్డ చెట్టు మీదికే పోతుంది. ఆ ఒక్కదాన్ని చూసి "తోటంతా పోయింది" అంటూ మందు డబ్బా కోసం గుంటూరు బస్సెక్కేవాళ్లే ఎక్కువ. లెక్క అంటే చెట్టును ఎంచే పని కంటి చేతిలోంచి తీసేయడమే.

ముందు పురుగేదో తేల్చుకోండి. పెద్ద ఈనెలు మాత్రం మిగిల్చి ఆకంతా తినేది హైబ్లియా ప్యూరా. దానికి లేతాకు ఇష్టం, తొలకరి చిగురు మీద వెతకాలి. పచ్చదనం గీకేసి ఈనెల వల మిగిల్చేది యూటెక్టోనా మాకెరాలిస్. అది ముదురాకు మీద ఉంటుంది. రెండింటికీ లెక్కలు వేరుగా రాయండి.

వెయ్యి చెట్లుంటే తొలి విడత పది చాలు, అంటే ప్రతి 100వ చెట్టు. మొదటిది 1 నుంచి 100 లోపు చీటీ తీసి ఎంచండి. వరసకు 20 చెట్లున్న తోటలో మాత్రం ఇది పనికిరాదు: ఎంచినవన్నీ ఒకే నిలువు వరసలో పడతాయి, అది గట్టు పక్కదైతే గట్టు లెక్కే వస్తుంది. అప్పుడు పది చీటీలూ తీయాల్సిందే.

ఒక్కో చెట్టుకు పై, నడిమి, కింది కొమ్మల్లో ఐదేసి ఆకులు చూడండి. అంచు మడతలు విప్పాలి, చిన్న పురుగు అందులోనే దాక్కుంటుంది. కొమ్మ కదిలితే జారిపడేవి ఉంటాయి, ముందే కింద పాత పంచె పరవండి. పురుగు లేని చెట్టుకు సున్నా రాయండి. చాలామంది వదిలేసేది దాన్నే.

పది చెట్లలో 0, 0, 1, 0, 14, 0, 2, 0, 9, 0 వచ్చాయనుకుందాం. సగటు 2.6. ఒక్కో అంకె సగటుకు ఎంత దూరమో చూసి, వర్గం చేసి, అన్నీ కూడి 9తో భాగిస్తే విస్తృతి 23.8. అది సగటును ఇంతగా మించిందంటే పురుగు గుంపులుగా ఉందన్నమాట, పది చెట్లు చాలవు. ప్రామాణిక దోషం (మన సగటు తోట అసలు సగటుకు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకె) సగటులో నాలుగో వంతు, అంటే 0.65 దాటకూడదనుకుంటే దాని వర్గంతో 23.8ని భాగించండి. 57 చెట్లు చూడాలి. శ్రమే మరి!

చెట్టు అందనంత ఎత్తుంటే కింద గుడ్డ పరిచి, వాన లేని రోజున 24 గంటల్లో రాలిన పురుగు రెట్ట పోగుచేయండి. దీపపు ఎరకు రెక్కల పురుగులు పడతాయి, వెన్నెల రాత్రుల్లో తక్కువ. ఈ రెండూ పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే చెబుతాయి, చెట్టుకెన్నో చెప్పవు.

ఇదే పని కొండపల్లి రిజర్వు అడవిలో చేయాలంటే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి.