రెండు అక్షింతల పురుగుల్లో ఏది మంచిదో ఎలా తేల్చుకున్నానంటే (నా అనుభవం)

మా వంగ మొక్కల ఆకులు జల్లెడలా అయిపోయాయి. పైన పచ్చదనం గీకేసి ఈనెలు మాత్రమే మిగిలాయి. ఆకుల మీద చుక్కల అక్షింతల పురుగులు (లేడీబర్డ్). ఇవి పేనుబంకను (మొక్క రసం పీల్చే చిన్న పురుగుల్ని) తినే మిత్రపురుగులు కదా, మరి నష్టం ఎవరిది?

చుక్కలు లెక్కపెట్టాను, రంగు చూశాను, తేడా తెలియలేదు. కనిపించినవన్నీ ఏరేశాను. దాంతో మిత్రపురుగులు కూడా పోయి పేనుబంక ఇంకా పెరిగింది.

పనిచేసింది ఇది. పొద్దున్నే అవి మందకొడిగా ఉన్నప్పుడు ఒక్కోదాన్ని భూతద్దం కింద, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి చూశాను. మిత్రపురుగు వీపు నున్నగా, నూనె రాసినట్టు మెరిసింది. రెండో రకందాని వీపు మెరవలేదు, సన్నటి నూగు కప్పి ఉంది. అదే ఎపిలాక్నా, ఆకు తినేది. అనుమానం పోక రెండింటినీ వేర్వేరు సీసాల్లో పెట్టి, ఒక్కోదాంట్లో వంగాకు, పేనుబంక పట్టిన రెమ్మ వేశాను. మర్నాటికి నూగుది ఆకును గీకేసింది, మెరిసేది పేనుబంకను తినేసింది.

తర్వాత ఆకులు తిప్పి చూశాను. పసుపు రంగులో, ఒళ్లంతా కొమ్మల్లాంటి ముళ్లతో ఉన్నవి ఎపిలాక్నా పిల్లలు. వాటిని, నూగు పెద్దవాటిని సబ్బునీళ్లలో వేశాను. నల్లగా, చిన్న మొసలిలా ఉన్న మిత్రపురుగు పిల్లల్ని ముట్టుకోలేదు. గుడ్లు మాత్రం రెండింటివీ పసుపే, అందుకే పిల్లలు బయటికొచ్చేదాకా ఆగాను.

రెండు వారాలకు కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి. నావి కొద్ది మొక్కలే, పెద్ద తోటలో చేత్తో ఏరడం కుదరకపోవచ్చు. అన్ని రకాల అక్షింతల పురుగులకూ ఈ నూగు గుర్తు సరిపోతుందని కూడా చెప్పలేను.