పెల్లెట్ గ్రిల్‌లో గాలి దారిని సరిచేసుకోవడం

అమెరికాలో పెరట్లో పెల్లెట్ గ్రిల్ (కర్ర గుళికలను కాల్చి వండే పొయ్యి) పెట్టుకున్న మనవాళ్లలో చాలామంది మొదటి వేసవిలోనే ఒక సంగతి గమనిస్తారు. ఒకే మసాలా పట్టించి, ఒకేసారి పేర్చిన కోడి కాళ్లలో చిమ్నీ వైపువి నల్లబడుతుంటే, రెండో చివర ఉన్నవి ఇంకా పాలిపోయే ఉంటాయి. గ్రిల్ తెర మీద మాత్రం 350 అన్న అంకె నిలకడగా వెలుగుతూ ఉంటుంది. అప్పుడు చాలామంది చేసే పని డ్రిల్లు మెషిన్ అందుకోవడం లేదా ఏదో ఒక అదనపు విడిభాగానికి ఆర్డరు పెట్టడం. ఆ రెండూ అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి గాని, నా అనుభవంలో సగానికి పైగా ఇబ్బంది ఒక రేకును అర అంగుళం జరపడంతోనే తీరిపోయింది. కాబట్టి ఈ వ్యాసంలో ముందుగా కోత అక్కర్లేని మార్పులను చెప్పి, కోసే పనిని చివరకు ఉంచుతున్నాను. డిగ్రీలు ఫారన్‌హీట్‌లోనూ, కొలతలు అంగుళాల్లోనూ ఇవ్వడానికి కారణం అక్కడి గ్రిల్ తెరల మీదా, విడిభాగాల మీదా కనిపించేవి అవే కావడం.

గాలి ఏ దారిన పోతుందో తెలియకుండా దాన్ని మళ్లించడం సాధ్యం కాదు. హాపర్ అనే పెట్టెలో పోసిన కర్ర గుళికలను ఆగర్ అనే మరలాంటి కడ్డీ నెమ్మదిగా తిరుగుతూ ఫైర్ పాట్ అనే చిన్న ఉక్కు గిన్నెలోకి తోస్తుంది. హాపర్ కింద ఉన్న చిన్న ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగి, ఆ గిన్నె గోడకు ఉన్న రంధ్రాల గుండా నిప్పులోకి ఊదుతుంది. మన అమ్మమ్మలు కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో చేసిన పనినే ఇక్కడ ఫ్యాను చేస్తోంది. మంట నేరుగా మాంసాన్ని తాకకుండా గిన్నెపైన బాఫిల్ అనే మందపాటి రేకు, దానిపైన కొవ్వు కారిపోవడానికి వాలుగా అమర్చిన డ్రిప్ ట్రే ఉంటాయి. వేడి గాలి బాఫిల్‌కు తగిలి పక్కలకు పరుచుకుని, డ్రిప్ ట్రే అంచులకూ గ్రిల్ గోడలకూ మధ్య ఉన్న సందుల్లోంచి పైకి వచ్చి, మూత కింద తిరిగి, చివరకు చిమ్నీలోంచి బయటపడుతుంది. ఈ దారిలో ఒక సందు వెడల్పుగా, రెండోది ఇరుకుగా ఉంటే గాలి వెడల్పైన చోటునే ఎంచుకుంటుంది. చిమ్నీ ఒక మూలన ఉంటే ఆ మూలకు లాగుతుంది. వేడి ఒక పక్కకు చేరడానికి మూలం ప్రధానంగా ఈ రెండే.

ఒకరి కొలతలు మరొకరికి సరిపోవని కూడా ఇక్కడే చెప్పాలి. ఈ తరహా గ్రిల్‌కు ఆరెగాన్ రాష్ట్రంలోని మౌంట్ ఏంజెల్ పట్టణానికి చెందిన జో ట్రేగర్ 1986లో పేటెంట్ పొందారు. ఆ పేటెంట్ గడువు 2006లో ముగిశాక ఎన్నో కంపెనీలు తమ తమ పద్ధతుల్లో గ్రిల్స్ తయారు చేయడం మొదలుపెట్టాయి. ఫలితంగా చిమ్నీ కొన్నిటికి పక్కన, కొన్నిటికి వెనుక ఉంటుంది. మరికొన్నిటికి చిమ్నీయే ఉండదు, వెనుక గోడకు పొడవాటి చీలిక మాత్రం ఉంటుంది. అందుచేత కింద చెప్పే అంకెలను హద్దులుగా మాత్రమే తీసుకుని, మీ గ్రిల్ స్వభావాన్ని మీరే పరీక్షించి తెలుసుకోవాలి.

ఆ పరీక్షకు రొట్టె ముక్కలకు మించిన సాధనం లేదు. గ్రిల్‌ను 350 డిగ్రీల దగ్గర పెట్టి, మూత మూసి, కనీసం 20 నిమిషాలు స్థిరపడనివ్వండి. తర్వాత మామూలు శాండ్‌విచ్ బ్రెడ్ ముక్కలను జాలీ మొత్తం నిండేలా, ముక్కకూ ముక్కకూ మధ్య ఒక వేలి సందు వదిలి, వేగంగా పరచి మూత వేయండి. సుమారు పది నిమిషాల తర్వాత మూత తీసి ఫోటో తీసుకుని, ముక్కలన్నిటినీ ఉన్నచోటనే తిరగేసి మరో ఫోటో తీసుకోండి. కింది వైపు ఎక్కువ మాడితే డ్రిప్ ట్రే నుంచి వచ్చే వేడి ఎక్కువని అర్థం. పైవైపు మాడితే మూత కింద చేరిన గాలి కదలడం లేదని అర్థం. ఒక వరుస మొత్తం నల్లబడితే ఆ వరుస కింద ఉన్న సందు వెడల్పుగా ఉందని అర్థం. జాలీ ఎత్తులో వేడిని కొలిచే విడి ప్రోబులు రెండు మూడు ఉంటే మరీ మంచిది. గ్రిల్ సొంత సెన్సర్ సాధారణంగా గోడ పక్కన ఒకే చోట ఉంటుంది గనుక, తెర మీద కనిపించే అంకె ఆ ఒక్క చోటిది మాత్రమే.

ఇక సరిచేసే పని. ప్లగ్గు తీసి, గ్రిల్ పూర్తిగా చల్లారాక, జాలీనీ ట్రేనీ బాఫిల్‌నూ బయటకు తీసి ఫైర్ పాట్‌లోని బూడిదను ఊడ్చేయండి. లోపల ఒక్క నిప్పురవ్వ మిగిలి ఉన్నా వాక్యూమ్ క్లీనర్ అంటుకుంటుంది, కాబట్టి చేతితో తాకి చూసిన తర్వాతే దాన్ని వాడాలి. గిన్నె రంధ్రాల్లో గట్టిపడిన మసిని సన్నని తీగతో పొడిచి తీయండి. హాపర్ కింద గాలి పీల్చే చోట ఎండుటాకులు, సాలెగూళ్లు చేరడం మామూలే. ఫ్యాను రెక్కల మీద పట్టిన జిడ్డును కూడా తుడవాలి. హ్యూస్టన్ వంటి తేమ ప్రాంతాల్లో ఉన్నవారు గుళికల సంగతి కూడా చూసుకోవాలి: చెమ్మ తగిలిన గుళిక ఉబ్బి పొట్టుగా రాలిపోతుంది, ఆ పొట్టు గిన్నెలో చేరి గాలిని అడ్డుకుంటుంది. వాటిని జల్లెడ పట్టి పోయడం చాదస్తం కాదు.

శుభ్రం చేశాక గ్రిల్ సమంగా నిలబడిందో లేదో రసమట్టంతో చూసి, బాఫిల్‌ను దాని గాడిలో సరిగ్గా కూర్చోబెట్టండి. ఆ తర్వాత డ్రిప్ ట్రే. దాని రెండు అంచులకూ గోడలకూ మధ్య ఉన్న సందులను కొలిచి రాసుకోండి. రొట్టె కుడివైపు మాడి ఉంటే ట్రేను పావు అంగుళం కుడికి జరిపి, కుడి సందును ఇరుకు చేసి, మళ్లీ పరీక్షించండి. ఏ సందునూ పూర్తిగా మూయకూడదు. అలా మూస్తే వేడి అంతా రెండో వైపు నుంచే ఎగదన్నుతుంది, కొవ్వు కారే దారి కూడా మారిపోవచ్చు. ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్న నియమాన్ని ఇక్కడి నుంచి చివరి దాకా పాటించండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ట్రే మీద పరిచే అల్యూమినియం ఫాయిల్ గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. శుభ్రత కోసం పరిచిన ఆ ఫాయిల్ అంచులు బయటకు వేలాడి సందులను మూసేస్తాయి, ఆ తప్పు నేనూ చేశాను, నెలన్నర పాటు ఫ్యానునే అనుమానించాను. వండే తీరు కూడా గాలి దారిలో భాగమే. ఇరవై మందికి వంట అంటూ జాలీని పూర్తిగా కప్పేసే పెద్ద ట్రేను లోపలికి తోస్తే గాలి పైకి రావడానికి చోటే మిగలదు. పెద్ద ట్రే ఒకటికి బదులు చిన్నవి రెండు పెట్టి, చుట్టూ కనీసం రెండు అంగుళాలు వదలండి.

చిమ్నీ టోపీ ఎత్తును సర్దడం అన్నిటికన్నా తేలిక పని. గొట్టం అంచుకూ టోపీకీ మధ్య సుమారు ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల ఖాళీ ఉంచి మొదలుపెట్టండి. టోపీ మరీ కిందికి దిగితే పొగ బయటకు పోలేక మూత అంచుల్లోంచీ, ఒక్కోసారి ఆగర్ గొట్టం మీదుగా హాపర్‌లోంచీ తన్నుకొస్తుంది. హాపర్‌లోంచి పొగ రావడం నిప్పు వెనక్కి పాకుతోందనడానికి సూచన కావచ్చు, దాన్ని తేలిగ్గా తీసుకోరాదు.

మూత అంచుల్లోంచి పొగ కారడం మరో సమస్య. దీనికి వెనుక జిగురు ఉన్న గాస్కెట్ పట్టీ, అంటే వేడిని తట్టుకునే నోమెక్స్ లేదా ఫైబర్‌గ్లాస్‌తో చేసి సందులను మూసే పట్టీ, అంటిస్తారు. ఎనిమిదో వంతు అంగుళం మందం చాలు. అంటించే చోట జిడ్డంతా సబ్బుతో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, అంటించాక జిగురుకు ఒక రోజంతా సమయం ఇవ్వాలి. అయితే మూతను బిగించిన తర్వాత గాలి అంతా చిమ్నీ ఒక్కదానిలోంచే పోవాలి గనుక, ఇంతకుముందు సరిపోయిన టోపీ ఎత్తు ఇప్పుడు చాలకపోవచ్చు. తక్కువ వేడి దగ్గర, అంటే 180 లేదా 200 డిగ్రీలకు పెట్టినప్పుడు, గ్రిల్ వేడి మనం అడిగినదాని కంటే పైకి పోవడం కూడా కనిపిస్తుంది. గాలులు బాగా వీచే చోట గాస్కెట్ వల్ల లాభం ఎక్కువ. చుట్టూ గోడలున్న పెరట్లో దాని అవసరం అంతగా లేదనే నా అభిప్రాయం.

ఇంతవరకూ చేసినా వేడిలో 40, 50 డిగ్రీల తేడా మిగిలితే రంధ్రాల పలక గురించి ఆలోచించవచ్చు. డ్రిప్ ట్రేకూ జాలీకీ మధ్య అమర్చే ఈ ఉక్కు పలక వేడి ఎగదన్నే చోట తక్కువ రంధ్రాలతోనూ, చల్లగా ఉండే చోట ఎక్కువ రంధ్రాలతోనూ ఉండి, గాలిని పంచిపెడుతుంది. దీనికి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్, 16 గేజ్ మందం తగినవి. జింకు పూత వేసిన గాల్వనైజ్డ్ రేకును ఎట్టి పరిస్థితుల్లోనూ లోపల వాడకూడదు. బాగా వేడెక్కిన జింకు నుంచి వచ్చే పొగ ఆరోగ్యానికి హాని చేస్తుంది.

ఎన్ని రంధ్రాలు వేయాలన్నదానికి చిన్న లెక్క ఉంది. రంధ్రాల మొత్తం వైశాల్యం చిమ్నీ నోటి వైశాల్యం కన్నా తగ్గకూడదు. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, 4 అంగుళాల గొట్టానికి అర అంగుళం రంధ్రాలు సాటి రావాలంటే 8ని 8తో హెచ్చించినన్ని, అంటే 64 కావాలి. చిన్న రంధ్రాల అంచుల దగ్గర గాలికి రాపిడి ఎక్కువ గనుక నేను 90కి తగ్గకుండా వేస్తాను. ముందు అట్టముక్క మీద గీసుకుని, రొట్టె ఫోటోను పక్కన పెట్టుకుని రంధ్రాల చోట్లు నిర్ణయించండి. తక్కువ వేసి మొదలుపెడితే తర్వాత కలపవచ్చు గాని, వేసినదాన్ని పూడ్చలేము. పలకను డ్రిప్ ట్రే వాలుకు అనుగుణంగానే వాలుగా ఉంచాలి. చదునుగా ఉంచితే కొవ్వు దాని మీదే నిలిచి, ఒకనాడు భగ్గుమంటుంది. అలా మంట లేస్తే మూత మూసి, గ్రిల్ ఆపండి, నీళ్లు మాత్రం పోయకండి.

కోత పనుల్లో పెద్దది పొగ పోయే దారిని కిందికి మార్చడం. పక్కన ఉన్న చిమ్నీని తీసేసి, ఆ రంధ్రాన్ని స్టెయిన్‌లెస్ రేకుతో మూసి, వెనుక గోడకు జాలీ ఎత్తులో వరుసగా కొత్త రంధ్రాలు తెరుస్తారు. అప్పుడు మూత కిందికి చేరిన వేడి గాలి బయటపడటానికి మళ్లీ కిందికి దిగి, మాంసం మీదుగా సాగాలి. ఒక మూలకు లాగే గుణం పోతుంది, పొగ రుచి కూడా కొంత పెరుగుతుంది. కొత్త రంధ్రాల వైశాల్యం పాత చిమ్నీ కన్నా తగ్గకుండా చూడటం, గోడ వెనుక వైర్లేవీ లేవని నిర్ధారించుకోవడం, గ్రిల్‌ను చెక్క కంచెకూ ఇంటి గోడకూ బాగా దూరంగా నిలపడం తప్పనిసరి, ఎందుకంటే పైకి పోయే పొగ ఇకమీద వెనక్కి చిమ్ముతుంది. గోడకు రంధ్రం పడితే వారంటీ పోయినట్లే అనుకోవాలి. కొత్త గ్రిల్‌కు ఈ పని చేయమని నేను ఎవరికీ చెప్పను.

ఫ్యానును మార్చి పెద్దది పెట్టడం, ఫైర్ పాట్ రంధ్రాలను వెడల్పు చేయడం జోలికి వెళ్లకపోవడమే మేలు. గుళికలు ఎంత వేగంగా పడాలి, గాలి ఎంత ఊదాలి అన్న రెండు లెక్కలనూ కంట్రోలర్ కలిపి చూసుకుంటుంది. గాలి పెరిగితే మంట పెరిగి పొగ తగ్గి, బూడిద ఎగిరి మాంసం మీద పడుతుంది. తగ్గితే నిప్పు ఆరిపోయి, వెలగని గుళికలు గిన్నెలో కుప్పపడతాయి. అలా కుప్పపడిన గిన్నెను ఖాళీ చేయకుండా మళ్లీ వెలిగిస్తే ఒక్కసారిగా అంటుకునే ప్రమాదం ఉంది.

మార్పులన్నీ అయ్యాక ఖాళీ గ్రిల్‌ను 350 డిగ్రీల దగ్గర ముప్పావుగంట నడిపి, రొట్టె పరీక్షను మరోసారి చేసి, పాత ఫోటోతో పోల్చండి. చలికాలంలో ఇంకోసారి చేయాల్సి ఉంటుంది, ఎందుకంటే చల్లని గాలి తగిలే గోడ వైపు లెక్క మారుతుంది. మొదటి వంటకు కోడి కాళ్లను నాలుగు మూలలా, మధ్యలో ఒకటి పెట్టి, ప్రతి దాని లోపలా 165 డిగ్రీలు ఏ నిమిషానికి వచ్చిందో రాసుకోండి. నా గ్రిల్‌లో ఇంత చేసినా చిమ్నీ మూల మిగతావాటికన్నా ఆరేడు నిమిషాలు ముందే ఉంటుంది. దాన్ని సరిచేయడం మానేసి, అన్నిటికన్నా పెద్ద ముక్కను అక్కడ పెడుతున్నాను.