టీనేజ్ పిల్లల కోసం నవల రాయాలంటే

అంబాజీపేటలో నాకు డీటీపీ, జిరాక్సు షాపు ఉంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం ఇప్పటికి మూడు నవలలు రాశాను, నాలుగోది నడుస్తోంది. మేమూ ఇలా రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని షాపుకొచ్చే టీచర్లు, డిగ్రీ పిల్లలు అడుగుతుంటారు. వాళ్లకి ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు వయసు తేల్చుకోండి. 1947 జులైలో చందమామ మొదలైన నాటి నుంచి చిన్నపిల్లల కథలకి మనకి లోటు లేదు. అవి దాటిన పిల్ల మాత్రం నేరుగా పెద్దల నవలల్లో పడుతుంది. మధ్యలో టెన్త్, ఇంటర్ చదివే నాలుగైదేళ్లు ఆమె చేతికివ్వడానికి తెలుగులో చాలా తక్కువ ఉంది. ఆ వయసు కోసం రాసేటప్పుడు కథ చెప్పే మనిషిదీ ఆ వయసే అయితే మంచిది. నలభై ఏళ్లావిడ చిన్నతనం తలుచుకుంటే అది పెద్దల నవల అవుతుంది. పదహారేళ్ల పిల్లకి రేపేం జరుగుతుందో తెలియదు కదా, ఆ తెలియనితనం ప్రతి పేజీలో ఉండాలి.

తర్వాతి పని వినడం. నేను రాసిందంతా ఇక్కడి నుంచే వచ్చింది. హాల్ టికెట్ల రోజుల్లో మా షాపు ముందు పిల్లలు గంటల తరబడి నిలబడతారు. "ఒక్క నిమిషం అక్కా, మా అమ్మ లైన్లో ఉంది" అని పక్కకి వెళ్లేవాళ్లు రోజుకి ఇద్దరైనా ఉంటారు. ఆ అమ్మ ఉండేది కువైట్‌లో. కోనసీమలో అమ్మ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్తే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ఎంతోమంది. నా మొదటి నవల అలాంటి అమ్మాయిదే.

మొదటి ప్రతిలో నవల ఇలా మొదలయ్యేది: పొద్దున్నే ఆరింటికి అమ్మ ఫోను, అమ్మాయి జడ వేసుకుంటూ మాట్లాడుతుంది. చదవమని ఒక ఇంటర్ అమ్మాయికి ఇచ్చాను. మర్నాడు వచ్చి, "అక్కా, మనకి ఆరంటే వాళ్లకి తెల్లారుజాము మూడున్నర. ఆ టైములో మా అమ్మ ఎందుకు చేస్తుంది? పని అయ్యేసరికే అక్కడ రాత్రి పదిన్నర అవుద్ది" అంది. రెండున్నర గంటల తేడా. అంటే మనకి రాత్రి ఒంటి గంట.

మళ్లీ రాశాను. ఫోను తలగడ కింద వైబ్రేషన్‌లో పెట్టుకుని పడుకుంటుంది. అది కదలగానే అమ్మమ్మ లేవకుండా వంటింట్లోకి వెళ్లి బియ్యం డబ్బా పక్కన కూర్చుంటుంది. వీడియోలో అమ్మ, "లైటేసుకోవే, మొహం కనపడట్లేదు" అంటుంది. పిల్ల వేయదు. వేస్తే చెవులు కనపడతాయి. కమ్మలు తాకట్టులో ఉన్నాయి, ఆ సంగతి అమ్మకి తెలియదు. మిగతా నవలంతా ఆ చీకట్లోంచే వచ్చింది. గంట సరిచేసుకోకపోతే కమ్మలు నాకు తట్టేవే కావు. అందుకే చెప్తున్నా, ఎవరి జీవితం రాస్తున్నారో ఆ జీవితం ఉన్న పిల్ల చేత ఒకసారి చదివించండి.

విన్నది విన్నట్టు మాత్రం రాయకండి. మనవి చిన్న ఊళ్లు, ఏ వీధో చెప్పినా పిల్ల ఎవరో తెలిసిపోతుంది. ఆ కమ్మలు నేను కల్పించినవి. ఏ పిల్ల చెప్పుకున్న రహస్యమూ నా పుస్తకాల్లో లేదు.

కథ నడక కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. రెండో నవల లంకలో, అంటే గోదావరి మధ్య దీవిలా ఉండే ఊళ్లో, వరద గురించి. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల పిల్లలకి ఈ అంకెలు నోటికొచ్చు. 2022 జులైలో మూడోదీ దాటింది. నవలని ఆ మూడు భాగాలుగానే విడగొట్టాను. రెండో హెచ్చరికకి ఇంట్లోవాళ్లు పడవెక్కుతుంటే కుర్రాడి చేతిలో దూడ పలుపు ఉంటుంది. విప్పి వదిలేయాలా, దాంతోపాటే ఉండిపోవాలా? భాగం పేరు చూసిన పాఠకుడికి నీళ్లు ఇంకా పెరుగుతాయని తెలుసు, కుర్రాడికి తెలియదు.

ఇందులోనే పునరావాస శిబిరంలో ఒక మాస్టారి చేత ధైర్యం గురించి రెండు పేజీలు మాట్లాడించాను. ఐదుగురు పిల్లలకి ప్రింట్లిచ్చి, చదవకుండా దాటేసిన చోట పెన్సిల్‌తో గీత పెట్టమన్నాను. ఐదు కాపీల్లోనూ గీత అక్కడే ఉంది. ఆ రెండు పేజీలు తీసేశాను. మీరూ "ఎలా ఉంది?" అని అడగకండి, మొహమాటానికి బాగుందంటారు. పెన్సిల్ ఇవ్వండి.

మాటల్లో సప్లీ, బంక్, నెట్ బ్యాలెన్స్ లాంటివి వాళ్లు అనేవే, ఉంచండి. రీల్స్‌లో ఈ నెల నడిచే ఊతపదాలు వద్దు, పుస్తకం అచ్చయ్యేసరికి పాతబడతాయి.

ఇక అచ్చు. ఫోన్లలో, నెట్‌లో కనపడే యూనికోడ్ తెలుగులో టైపు చేయండి. ప్రెస్సువాళ్లు తాము పేజీలు కట్టడానికి వాడే 'అను' అనే ఫాంట్లలోకి మార్చినప్పుడు కొన్ని ఒత్తులు చెదురుతాయి కాబట్టి మార్చాక ప్రూఫులు మళ్లీ మొదటి నుంచి చూడాలి. మామూలు నవలల డెమీ సైజులో ఫారం అంటే, ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే 16 పేజీలు. 160 పేజీలకి పది ఫారాలు సరిపోతాయి, 163 అయితే ఆ మూడు పేజీలకీ అదనంగా ఖర్చవుతుంది. సొంతంగా వేసుకుంటే పుస్తకం గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్ ఉచితం, కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో మనమే దరఖాస్తు చేసుకోవచ్చు.

ప్రచురణకర్తకి ఇచ్చేటట్టయితే కాగితం పూర్తిగా చదివి సంతకం పెట్టండి. నా మొదటి నవలని ఒక సంస్థ హక్కులు రాయించుకుని మూడేళ్లు అట్టే పెట్టుకుంది. అడగడానికి భయపడి ఊరుకున్నాను. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చదివాక తెలిసింది: ఒప్పందంలో వేరేగా రాసి ఉంటే తప్ప, హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే అది రద్దవుతుంది. హక్కు ఎంతకాలానికి ఇచ్చామో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. నా కాగితంలో వేరే షరతేమీ లేదు. ఉత్తరం రాసి నవల వెనక్కి తెచ్చుకున్నాను. ఆ మూడేళ్లలో, ఆ పుస్తకం చదవాల్సిన పిల్లలు ఇంటర్ దాటి వెళ్లిపోయారు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఇల్లు షాపు మీద నడుస్తుంది. ఒక పుస్తకం అమ్మకాలు తర్వాతి పుస్తకం అచ్చుకి సరిపోతే సంతోషిస్తాను. ఉద్యోగం మానేసి మాత్రం ఇందులోకి దిగకండి. నేను రోజూ షట్టరు తీసే ముందు గంటన్నర రాసుకుంటాను.

అమ్మకానికి నాకు పనికొచ్చిన దారి ఒక్కటే, హైస్కూళ్లు. హెడ్మాస్టరుగారి అనుమతి తీసుకుని తొమ్మిదో తరగతికి మొదటి అధ్యాయం పైకి చదువుతాను. "లైటేసుకోవే" అన్న చోట ఆపేసి, రెండు కాపీలు లైబ్రరీ బీరువాలో పెట్టి వచ్చేస్తాను.